ఫొటో అంచున ఒక చెయ్యి

బావుబావు, బుటన్ దీవి
ఆగస్టు 1999

ఫొటోలు తీసే ఎలిఫాస్ సహెతాపి గారికి,

నేనెవరో మీకు తెలియదు. నా పేరు వా హదియా. అంబోన్ పెద్ద బజారులో ఉల్లిపాయలూ ఎండుచేపలూ అమ్ముకునేదాన్ని. జనవరిలో క్రైస్తవులకీ మా ముస్లిములకీ గొడవలై ఊరు అంటుకున్నాక మా బుటన్ వాళ్లందరితోపాటు ఓడెక్కి ఇక్కడికి వచ్చిపడ్డాను. పుట్టింది ఈ దీవిలోనే గానీ బతికిందంతా అక్కడే. రేవు పక్కన పాత జీడిపప్పు గోదాములో దుప్పటి అడ్డం కట్టుకుని ఉంటున్నాం, నేనూ నా చిన్నకొడుకు లా బాసిరూ.

పెద్దవాడు లా సలిము మాతో రాలేదు. "రిక్షా అమ్మేసి వచ్చే ఓడకి వస్తానమ్మా, నువ్వు పద" అన్నాడు. మార్చిలో వాడు పోయాడని కబురొచ్చింది. వాడు రోడ్డు మీద పడి ఉన్నప్పుడు మీరు ఫొటో తీశారు. అది మకస్సర్ పత్రికలో వచ్చింది.

ఫొటో సంగతి నాకు మొన్నటిదాకా తెలియదు. గోదాములో అందరూ చూశారట. నేను వస్తుంటే మాటలు ఆపేసేవాళ్లు. పంపు దగ్గర నీళ్లు ముందు నన్నే పట్టుకోనిచ్చేవాళ్లు. ముసలిదాన్నని మర్యాద చేస్తున్నారనుకున్నాను. పోయిన వారం గట్టిగా అడిగితే ఒకామె పెట్టె అడుగునుంచి తీసి చూపించింది. ఫొటో కింద మీ పేరుంది. చదువుకున్నాను. నాలుగో తరగతి దాకా చదివాను, నిదానంగా రాస్తాను, తప్పులుంటే మన్నించండి.

ఎవరు చంపారని అడగడానికి రాయడం లేదు. వాడి ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు. ఇంట్లోవి ఇంటితోనే కాలిపోయాయి. మీ ఫొటోలో వాడి ముఖం అటు తిరిగి ఉంది, చెవీ చెంపా తప్ప కనబడదు. మీరు ఇంకొన్ని తీసే ఉంటారు. వాడు బతికి ఉండగా తీసింది ఏదన్నా ఉంటే పంపండి. పోల్చుకోవడానికి గుర్తు చెబుతాను. పొట్టిగా ఉంటాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది, చిన్నప్పుడు పడవ అంచు తగిలింది. రిక్షాకి మూడు గంటలు కట్టుకున్నాడు, ఒక్కోదానిది ఒక్కో మోత. ఆ గంటలకోసమే పిల్లలు వాడి రిక్షా ఎక్కేవాళ్లు.

రోజులు గడిచేకొద్దీ వాడి ముఖం నాకు సరిగ్గా గుర్తురావడం లేదు. ఈ మాట ఇక్కడ ఎవరితోనూ అనలేదు.

వా హదియా

*

సురబాయా
సెప్టెంబరు 1999

శ్రీమతి వా హదియా గారికి,

మీ ఉత్తరాన్ని పత్రికవాళ్లు ఇక్కడికి పంపారు. నేను అంబోన్ విడిచి వచ్చేశాను. మీ కుమారుడి మరణానికి నా సానుభూతి తెలియజేస్తున్నాను.

మీరు కోరిన ఫొటోలు నా వద్ద లేవు. ఆ రోజు తీసింది అదొక్కటే. ఫిల్ములన్నీ అంబోన్ కార్యాలయంలో ఉండిపోయాయి. ఆ కార్యాలయం ఇప్పుడు లేదు. ప్రస్తుతం నేను ఫొటోలు తీయడం మానుకున్నాను.

దేవుడు మీకు ధైర్యాన్ని ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఎలిఫాస్ సహెతాపి

*

బావుబావు
అక్టోబరు 1999

ఎలిఫాస్ గారికి,

మీ ఉత్తరం పోలీసు స్టేషన్లో రాసిచ్చిన కాగితంలా ఉంది. అయినా జవాబు రాశారు, అదీ రాయనివాళ్లు చాలామంది ఉన్నారు.

నేను ఏళ్లతరబడి బజారులో కూచున్నదాన్ని. "సరుకు లేదు" అనే మాట నేనూ చెప్పాను. గంపకింద పెట్టుకుని మరీ చెప్పాను. ఆ మాట ఎప్పుడు నిజమో ఎప్పుడు కాదో నాకు తెలియదా? ఫొటోలు తీసేవాడు ఒకటి తీసి ఊరుకుంటాడా? పెళ్లిళ్లలో చూడలేదూ, పెళ్లికూతురు తుమ్మినా మూడు తీస్తారు.

సరే. లేవన్నారు, లేవు. ఇంకో సంగతి అడుగుతాను, దీనికైనా నిజం చెప్పండి.

మీ ఫొటోలో కుడి అంచున ఒక చెయ్యి ఉంది. సలిము భుజం మీద ఉంది. మణికట్టు దాకానే కనబడుతుంది, మిగతా మనిషి ఫొటో బయటే ఉండిపోయాడు. ఆ చెయ్యి తొడుగేసుకున్నట్టు తెల్లగా ఉంది. ఇక్కడి కుర్రాళ్లు అంటున్నారు, చంపేవాళ్లు తొడుగులు వేసుకుని వచ్చారని, వాళ్లలో ఒకడు సలిముని లేవకుండా అదిమిపట్టాడని. ఆ ఫొటోని పెద్దది చేయించి గోదాము గోడకి అంటించారు. చేతి చుట్టూ ఎర్రరంగుతో గీత గీశారు. నేను పడుకునే చోటి నుంచి కనబడుతుంది. తీసెయ్యమని అడిగాను. "ఇది నీ ఒక్కదాని సంగతి కాదు పెద్దమ్మా" అన్నారు.

వాడి చెవి చూద్దామని కాగితం తీస్తాను. చూపు చేతిమీదికే పోతుంది. కసువామి, అదే మా కర్రపెండలం ముద్ద, తుంచి నోట్లో పెట్టుకుంటుంటే నా చెయ్యే నాకు అసహ్యమేస్తోంది. దాన్ని చూసుకుంటూ కూచుంటాను, చల్లారిపోతుంది. చిన్నవాడు బాసిరు ఆ చెయ్యున్న ముక్కని కత్తిరించి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. వాడికి పంతొమ్మిది. అన్నని ఒక్కడినీ వదిలి నాతో ఓడెక్కానని లోపల్లోపల కాలిపోతున్నాడు.

ఆ చెయ్యి ఎవరిది? మీరు అక్కడే ఉన్నారు. ఫొటో బయట ఉన్నదాన్ని కూడా చూసే ఉంటారు.

మీకు అమ్మ ఉందా?

వా హదియా

*

సురబాయా
నవంబరు 1999

అమ్మా,

మీ ఉత్తరాన్ని మడత చిరిగేదాకా జేబులో పెట్టుకుని తిరిగాను. మీకు అబద్ధం చెప్పాను. ఫిల్ములు నా దగ్గరే ఉన్నాయి. మంచం కింద బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా మూత తీయలేదు.

ఇక్కడ ఒక స్టూడియోలో, చీకటిగదిలో పని. స్కూలు సర్టిఫికెట్ల ఫొటోలు, పుట్టినరోజులు, పెళ్లిళ్లు. ఎవరో తీసినవి నేను కడుగుతాను. తడి కాగితం మీద ముఖం తేలేముందు ఒక్క క్షణం అన్ని ముఖాలూ ఒకేలా ఉంటాయి, పొగలోంచి వస్తున్నట్టు. ఆ క్షణం నేను కళ్లు మూసుకుంటాను. యజమాని చైనా ముసలాయన, మంచివాడు. "ఏంట్రా ఎలీ, ప్రార్థన చేస్తున్నావా?" అంటాడు.

మొదట నన్ను ఫొటోలు తీయడానికే పెట్టుకున్నారు. జూన్‌లో దుకాణం ముందు ఒక పాప మోటార్‌సైకిలు తగిలి పడిపోయింది. ఆ సమయంలో నా మెడలో కెమెరా కూడా లేదు. అయినా ఎడమచేతి వేళ్లు గాలిలో లెన్సు తిప్పుతున్నాయి. ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, నేనెక్కడ నిలబడాలి, ఇదంతా చూసుకున్నాకగానీ నా కాళ్లు కదల్లేదు. ఈలోగా పక్కన కల్లుప్పు అమ్ముకునే ఆవిడ పరుగెత్తి పాపని ఎత్తుకుంది. పాపకి మోచెయ్యి గీరుకుంది, అంతే. నేను మాత్రం లోపలికొచ్చి కూలబడ్డాను. అప్పటినుంచి కెమెరా ముట్టుకోలేదు.

మనుషులతో కలిసి తినలేకపోతున్నాను. ఎదురుగా కూచున్నవాడు నవ్వుతుంటే, ఆ ముఖం నేలమీద ఎలా ఉంటుందో కనబడుతుంది. నేను కావాలని చూడను. కళ్లు వాటంతటవే చూస్తాయి. అందుకని మెట్లమీద కూచుని ఒక్కడినే తింటాను. జకార్తా నుంచి తోటి ఫొటోగ్రాఫర్లు వచ్చినప్పుడు భుజం తట్టి "ఎలీ, నీ ఆ రిక్షావాడి ఫొటో అదిరిందిరా" అన్నారు. థాంక్స్ అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

ఆ రోజు సంగతి కొంత చెబుతాను. అది మా సందు. నేను పెరిగిన సందు. పత్రిక పని ముగించుకుని మా పిన్నిని చూడటానికి వెళ్లాను. కేకలు వినబడి బయటికొస్తే అప్పటికే మీ అబ్బాయి నేలమీద ఉన్నాడు. చేతుల్లో కత్తులున్నవాళ్లలో ఇద్దరు నాతో చదువుకున్నవాళ్లు. నన్ను చూసి దారిచ్చారు. ఒకడు "ఎలీ, ఇటు నుంచి తియ్యి, వెలుతురు బాగుంది" అన్నాడు. వెలుతురు నిజంగానే బాగుంది. నేను అటు నుంచే తీశాను.

ఆ చెయ్యి చంపినవాళ్లది కాదు. మీ కొడుకు మీద ఒట్టు వేసే అర్హత నాకు లేదు, నా మీద వేసుకుంటాను. ఎవరిదో మాత్రం చెప్పలేను. చెబితే ఒకరి బతుకు మీదికి వస్తుంది. చెప్పనని మాట ఇచ్చాను.

అమ్మ ఉందా అని అడిగారు. కన్నామె నాకు నడకరాకముందే పోయింది. పెంచినావిడ ఉంది.

ఎలిఫాస్

*

బావుబావు
డిసెంబరు 1999

ఎలిఫాస్,

గారు అని రాయడం ఈసారి నా వల్ల కాలేదు.

వెలుతురు బాగుందా? ఉపవాసం నెల ఇది, నోటి మీద అదుపుండాలి. అందుకే రెండుసార్లు చించేసి మళ్లీ రాస్తున్నాను. ఆ మాట చదివాక పంపు దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను, మళ్లీ వెళ్లాను, మళ్లీ కడుక్కున్నాను. నువ్వు దాచకుండా రాశావు. దానికి నిన్ను మెచ్చుకోవాలని తెలుసు. ఇవాళ మెచ్చుకోలేను.

నీ ఉత్తరం బాసిరుకి చదివి వినిపించాను. చెయ్యి చంపినవాళ్లది కాదటరా అన్నాను. వాడు నవ్వాడు.

"వాళ్లవాణ్ణి వాడు కాచుకుంటున్నాడమ్మా. చంపినవాడిది కాకపోతే చెప్పడానికి భయమెందుకు? బతుకు మీదికి వస్తుందట! మా అన్న బతుకు మీదికి రాలేదా?"

దీనికి జవాబు నీ దగ్గర ఉంది, కానీ నువ్వు చెప్పవు.

పండగ వెళ్లాక వచ్చే పెద్ద ఓడకి గోదాము కుర్రాళ్లు కొందరు అంబోన్ వెళుతున్నారు. ఎందుకు వెళుతున్నారో గోనెసంచుల్లో ఏం పెట్టుకుంటున్నారో ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ అనరు. బాసిరు పేరు కూడా ఉంది. నిన్న నా ముందు వంగి "దీవించమ్మా" అన్నాడు. నేను చెయ్యి ఎత్తలేదు. ఒంటికి అతుక్కుపోయినట్టు అలాగే ఉండిపోయింది. వాడు కాసేపు వంగే ఉండి, లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి పలకడం లేదు.

ఒకణ్ణి నీ కళ్లముందు పోగొట్టుకున్నాను. ఇంకొకడు నా కళ్లముందే పోతున్నాడు. నువ్వు ఎవరికి ఏం మాట ఇచ్చావో నాకు తెలియదు నాయనా. ఆ మాట కాపాడుతున్నది ఒక్కరినే అయితే, ఇక్కడ ఇంకొకడు ఉన్నాడని చెబుతున్నాను. అక్కడికి వెళ్లాక వాడు ఎవరి చెయ్యి నరుకుతాడో కూడా ఆలోచించు.

వా హదియా

*

సురబాయా
జనవరి 2000

అమ్మా,

దీంతోపాటు ఒక ఫొటో పెట్టాను. ఉత్తరం చదివాకే కవరు తెరవండి. మొదట బాసిరు లేనప్పుడు చూడండి, తర్వాత వాడికి చూపించండి. పోస్టులో ఆలస్యమవుతుందని బావుబావు వచ్చే ఓడ సరంగు చేతికిచ్చి బతిమాలాను.

నిన్న డబ్బా మూత తీశాను. ఎలా తీశానో రాయను.

ఆ చెయ్యి మా పిన్నిది. పేరు ఓర్పా. మా అమ్మ చెల్లెలు, నన్ను పెంచినావిడ. భర్త పోయాక సాగో రొట్టెలు కాల్చి అమ్ముకుంటోంది. ఆ రోజు పిండి కలుపుతోంది. అది తొడుగు కాదమ్మా. సాగో పిండి.

నేను తీస్తూనే ఉన్నాను. ఆవిడ నన్ను నెట్టుకుంటూ ముందుకు వచ్చింది. కత్తులున్నవాళ్ల మధ్యలోంచి, ఏదో బస్సు దిగడానికి జనాన్ని తోసుకున్నట్టు. వాళ్లందరినీ చిన్నప్పటినుంచి ఎరుగును కదా, పేరుపేరునా తిట్టింది.

"ఒరే మాథ్యూ, నీకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు నిన్నెత్తుకున్నది నేనురా. ఆ కత్తి దించు. మీ అమ్మ ఇంట్లో ఉందా? పిలవనా? చూస్తుంది, ఎలాంటివాణ్ణి కన్నదో!"

"పిన్నీ, నువ్వు లోపలికి పో. ఇది నీకెందుకు?" అన్నాడు వాడు.

"నా గుమ్మం ముందు జరిగేది నాకు కాక ఎవరికిరా?"

వాళ్లు కొట్టలేదు, తోయలేదు. రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. ఆవిడ రోడ్డు మీదే మీ అబ్బాయి పక్కన కూలబడింది. ముందు భుజం మీద చెయ్యి వేసింది. అదిమిపట్టడానికి కాదు. అతను వణుకుతున్నాడు. చలి వేసినవాళ్లని పట్టుకుంటామే, అలా పట్టుకుంది.

పత్రికలో వచ్చింది అప్పుడు తీశాను; ఆవిడ తల ఒళ్లోకి తీసుకుని ముఖం ఇటు తిప్పాక తీసింది మీకు పంపుతున్నాను. తీశాక ఆవిడ తలెత్తి నావైపు చూసింది. "నీది కూడా అయిందా? అయితే ఆ డబ్బా కింద పెట్టి కాళ్లు పట్టు" అంది. అప్పుడు కింద పెట్టాను. ఇద్దరం కలిసి ఇంటి వరండాలోకి మోసుకొచ్చాం. నేను కాళ్లవైపు. ఇప్పటికీ ఏదన్నా బరువెత్తితే ఆ బరువే చేతుల్లోకి వస్తుంది.

కొంచెంసేపు తెలివిలో ఉన్నాడు. "రిక్షా ఎక్కడ?" అని అడిగాడు. అది అప్పటికే తగలబడుతోంది. పిన్ని "ఇక్కడే ఉంది నాయనా, గోడకి ఆనించాను, ఎవరూ ముట్టుకోలేదు" అంది. అతను తలూపాడు. వేళ్లు నీళ్లలో తడిపి పెదాలకి రాసింది. సైనికుల లారీ వచ్చేలోపే పోయాడు. లారీ ఎక్కించేటప్పుడు పిన్ని లోపలికి వెళ్లి తను ఆదివారం చర్చికి కట్టుకునే పూలబట్ట తెచ్చి కప్పింది. ఎర్రటి పెద్దపెద్ద పూలు.

ఆ సాయంత్రం ఆవిడ నాతో అంది, "నా ముఖం పేపర్లో వెయ్యకురా. ఈ సందులోవాళ్లకి ఎలాగూ తెలుసు, తిడతారు, పడతాను. ఊరందరికీ తెలిస్తే ఇల్లు కాలుస్తారు. నేనెక్కడికి పోను?" మాట ఇచ్చాను. ఫొటో కడిగేటప్పుడు నేనే కాగితం పక్కకి జరిపి ఆవిణ్ణి అందులో పడకుండా తప్పించాను. ఇంకొంచెం జరిపితే మీ అబ్బాయి భుజం పోతుంది. అందుకే ఆ చెయ్యి ఉండిపోయింది. దాన్ని ఒక తల్లి చూస్తుందని, ఇలా చూస్తుందని నాకు తట్టలేదు.

ఆవిణ్ణి అడగకుండానే మీకు పంపుతున్నాను. అడిగి జవాబు వచ్చేదాకా ఓడ ఆగదు కదా.

మీరు బతికి ఉన్న ఫొటో అడిగారు. ఇందులో సలిము బతికే ఉన్నాడమ్మా. కళ్లు తెరిచి ఉన్నాయి. ముఖం ఇటు తిరిగి ఉంది. కనుబొమ్మ మధ్యలో తెగిన చోటు కనబడుతుంది.

ఎలి

*

బావుబావు
మార్చి 2000

నాయనా ఎలీ,

సరంగు కవరు తెచ్చి ఇచ్చేసరికి పండగ వెళ్లిపోయింది. ఓడ రేవులో ఉంది, మర్నాడు బయలుదేరుతుంది. నువ్వు చెప్పినట్టే ముందు ఉత్తరం చదివాను. చదివాక ఫొటో చూడటానికి ధైర్యం చాల్లేదు. కవరు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. తర్వాత చూశాను.

వాడే. నా సలిము. ముఖం మళ్లీ దొరికింది నాకు. గడ్డం గీసుకోలేదు దరిద్రుడు, నేను లేకపోతే అంతే. అలా తిట్టుకున్నాకగానీ ఏడుపు రాలేదు.

అప్పుడు ఆ పట్టుకున్నామెను చూశాను. ఎలీ, ఆ మనిషి నాకు తెలుసు!

పేరు తెలియదుగానీ మనిషి బాగా తెలుసు. శనివారం శనివారం నా దగ్గరికి వచ్చేది. గంపలో ఉన్న ఉల్లిపాయలన్నీ తిరగేసి, ఒక్కోటి వాసన చూసి, చివరికి పావుకిలో కొనేది. కొన్నాక గుప్పెడు మిరపకాయలు ఊరికే వెయ్యమనేది. "నీ ఉల్లిపాయలకన్నా నీ నోరే ఘాటు" అనేది నన్ను. "నీకు అమ్మడం కన్నా సముద్రంలో పారబోయడం మేలు" అనేదాన్ని నేను. ఒక శనివారం రాకపోతే దీనికేమైందా అని వెతుక్కునేదాన్ని. ఏళ్లతరబడి తిట్టుకున్నాం, పేర్లు అడగలేదు. నా కొడుకు ఆమె ఒళ్లో పోయాడు.

బాసిరు సంగతి రాస్తాను. ఫొటో వాడి చేతికిచ్చాను. మొదట నమ్మలేదు. "ఎవరో దొంగ ఫొటో తయారుచేసి పంపారు" అన్నాడు. నీ ఉత్తరం మొత్తం చదివాను. పూలబట్ట దగ్గరికి వచ్చేసరికి వాడు నన్ను ఆపాడు. "మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. సలిముని పాతిపెట్టే ముందు కడిగింది మా చిన్నాన్న కొడుకు. ఇక్కడికి వచ్చాక బాసిరుతో చెప్పాడట, ఒంటిమీద ఎవరిదో ఆడవాళ్ల బట్ట ఉంది, ఎర్రపూలది, ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాలేదు అని. నాకు బాధ కలుగుతుందని ఇద్దరూ నాకు చెప్పలేదు. సంగతి వాళ్లిద్దరికే తెలుసు. నీకెలా తెలుస్తుంది, నువ్వక్కడ లేకపోతే?

వాడు జేబులోంచి ఆ కత్తిరించిన ముక్క తీశాడు. ఫొటో పక్కన పెట్టి చూశాడు. అప్పుడన్నాడు, "మరి ఇప్పుడు నేనెవర్ని వెతకాలమ్మా?"

అన్న పోయినప్పుడు కూడా ఏడవనివాడు, గోదాములో అందరూ చూస్తుండగా నా కాళ్ల దగ్గర పడి ఏడ్చాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. ఈసారి నా చెయ్యి నా మాట విన్నది.

ఓడ వెళ్లిపోయింది. తక్కిన కుర్రాళ్లు వెళ్లారు. గోడమీది ఫొటో చింపడానికి ఒప్పుకోలేదు, వాళ్లకి అదే కావాలి. బాసిరుని పిరికివాడన్నారు. ఇక్కడ ఉండలేక పోయిన వారం తావావ్ పోయాడు, పామాయిల్ తోటల్లో పనికి. మంచిదే. ఇప్పుడు దుప్పటికి ఇవతల నేనొక్కదాన్నే. కూర వండితే రెండు రోజులొస్తోంది.

నన్ను మన్నించారా అని నువ్వు అడగలేదు. అడగనందుకు సంతోషం. నాకు తెలియదు. ఒక్కటి చెబుతాను, వెలుతురు బాగుందన్నవాడి మాట విన్నందుకు నీమీద కోపం పోలేదు. కానీ నువ్వు ఆ ఫొటో తీయకపోయి ఉంటే నా కొడుకు కుక్కలా ఒంటరిగా చచ్చాడనే అనుకుంటూ పోయేదాన్ని. ఈ రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి. కలవవు. అలాగే ఉండనీ.

మెట్ల మీద కూచుని ఒక్కడివే తినకు. మీ పిన్ని దగ్గరికి పో. ఆమె ఎలా ఉందో ఎవరన్నా చూస్తున్నారా? నేను ఎవరో చెప్పు.

వా హదియా

*

అంబోన్
మే 2000

అమ్మా,

మీ మాట విని వచ్చేశాను. యజమాని కళ్లనీళ్లు పెట్టుకుని పంపాడు. ఊరు మీరెరిగిన ఊరు కాదు. మీవాళ్ల వైపుకీ మావాళ్ల వైపుకీ మధ్యలో సైనికులు కంచె వేశారు. బజారు ఉండే చోట నల్లటి స్తంభాలు తప్ప ఏమీ లేవు. కొన్ని రోజులుగా మళ్లీ కాల్పులు వినబడుతున్నాయి. పోస్టు తెరిచిన రోజు చూసి ఇది వేస్తాను.

పిన్ని ఉంది. చిక్కిపోయింది. సందులో ఎవరూ ఆమె రొట్టెలు కొనడం లేదు. ఆ రోజునుంచే మానేశారట, నాకు ఒక్క ముక్క రాయలేదు. చర్చిలో ఆమె కూచున్న వరసలో ఎవరూ కూచోరు. మాథ్యూ నవంబరులో తూటా తగిలి పోయాడు. పిన్ని సమాధి దగ్గరికి వెళితే వాళ్లమ్మ ముఖం తిప్పుకుంది. "దాని బాధ అది. నేను వెళ్లాలి కాబట్టి వెళ్లాను" అంది పిన్ని. ఇప్పుడు నేనే పిండి కలుపుతున్నాను. తట్ట నెత్తిన పెట్టుకుని సైనికుల శిబిరం దగ్గర అమ్ముకొస్తాను. వాళ్లు జావా వాళ్లు, మొహం చిట్లిస్తూనే తింటారు. ఫొటోలు మళ్లీ తీస్తున్నావా అని మీరు అడగరని తెలుసు. తీయడం లేదు. తీస్తానో లేదో తెలియదు.

తనని అడగకుండా ఫొటో పంపానని చెబితే మొదట గరిటె విసిరింది. తర్వాత మీ ఉత్తరాలు చదివి వినిపించాను. పిండి చెయ్యి చుట్టూ ఎర్రగీత గీశారన్నచోట చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు చూడటం కష్టమైంది. చేతులు రెండూ ముందుకు చాపి చూసుకుంటూ నవ్వింది.

ఉల్లిపాయల సంగతి వచ్చేసరికి లేచి నిలబడింది. "ఆవిడా! ఎండుచేపలావిడా! నోరు తెరిస్తే చాలు... ఏనాడన్నా ఒక్క మిరపకాయ ఊరికే వేసిందా?" అంటూనే గోడ పట్టుకుంది. "ఆ అబ్బాయి ఆవిడ కొడుకా?" అంది మళ్లీ, మెల్లగా. ఆ పూట వంట కూడా చేయలేదు.

ఇవాళ మధ్యాహ్నం తనే వచ్చి నా పక్కన కూచుని ఇది రాయమంది. ఆమె మాటలే రాస్తున్నాను.

"రాయరా. నీకు కూడా చెప్పని మాట ఒకటుంది. నువ్వు లారీని పిలవడానికి వీధి చివరికి వెళ్లినప్పుడు ఆ పిల్లాడు నావైపు చూసి 'అమ్మా' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నేను పలికాను, 'ఆ నాయనా' అని. పలకకుండా ఎలా ఉంటాను? కానీ పిలిచింది నన్ను కాదు. నాకు తెలుసు. అప్పటినుంచి ఆ పిలుపు నా దగ్గర ఉంది, ఎవరికివ్వాలో తెలియక. ఆవిడకి రాయి. నీ కొడుకు నిన్ను రెండుసార్లు పిలిచాడమ్మా, నువ్వు లేవని నేను పలికాను, తప్పయితే మన్నించు అని రాయి."

రాశాను. పిన్ని లేచి వెళ్లి గుమ్మంలో నిలబడింది. వీధిలో ఎవరూ లేరు.

ఎలి